తునికాకులో మలీద

నా ఫోన్‌కు సిగ్గు లేదు. పొద్దున నేనింకా సరిగ్గా కళ్లు తెరవకముందే, పాత రోజుల జ్ఞాపకం అంటూ ఒక వీడియో తెచ్చి ముఖం మీద పెట్టింది. అందులో మనిషి కనిపించదు. రెండు చేతులే కనిపిస్తాయి. గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని గోధుమరంగు మరక. ఎడమ చేతిలో బీడీలు చుట్టే తునికాకు, కుడి చేతి వేళ్ల మధ్య నెయ్యితో మెరుస్తున్న మలీద ముద్ద. వేళ్లు ఒక్కసారి కదులుతాయి, ఆకు చుట్టుకుపోతుంది, దారం పడుతుంది. అంతలోనే ఇంకో ఆకు. వెనక నుంచి పెద్దమ్మ గొంతు, "చేతులను ఏం తీస్తవే, పనిలేదా నీకు" అని. ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది. కోపం వస్తే వస్తువులు విసిరే రకాన్ని నేను, మా ఇంట్లో రిమోట్‌లకు ఆ సంగతి బాగా తెలుసు. కానీ విసరలేదు. మళ్లీ చూశాను. అలా చూస్తూనే మంచం మీద ఉండిపోయాను, ఆ రోజు పరుగుకు పోలేదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. కోరుట్లలో బీడీలు చేసి బతికింది. పోయిన వానాకాలం సిరిసిల్లలో, కొడుకు రమేశన్న ఇంట్లో, గొంతు కింద అన్నం దిగే దారి మూసుకుపోయి చనిపోయింది. నేను కోరుట్ల నుంచి జగిత్యాల దాకా ఉరకడానికి కావలసిన తిండిని కనిపెట్టింది ఆమె. ఆమె ఒంట్లో ఇంకో ఇంజక్షన్‌కు సరిపోయే బలం నింపాల్సి వచ్చినప్పుడు తిండి చేసింది నేను. ఆమె చేసింది పనిచేసింది. నేను చేసింది పనిచేయలేదు. నాకు చెప్పడానికి ఉన్నది ఇదే, మిగతాదంతా దాని చుట్టూ ఉన్న ఇల్లు, పొయ్యి, వాసన.

నేను కోరుట్ల వెళ్లింది ఇష్టంతో కాదు. లాక్‌డౌన్ వచ్చింది, మా అమ్మ హైదరాబాద్‌లో నర్సు, తన ఒంటి మీద రోగం మోసుకొచ్చి నాకు అంటిస్తానేమోనని భయపడి, దొరికిన మొదటి కారులో నన్ను అక్క దగ్గరికి పంపేసింది. ఇంటర్ అయిపోయిన పిల్లని. అప్పటికి ఆరు నెలలుగా నా మొదటి పెద్ద పరుగు పందెం కోసం తయారవుతున్నాను, అది రద్దయింది. పరుగు మధ్యలో తినడానికి ఆర్డర్ పెట్టిన జెల్ ప్యాకెట్లు ఎక్కడో గోదాంలో ఇరుక్కున్నాయి. పెద్దమ్మ ఇంట్లో సిగ్నల్ కావాలంటే పెరట్లో బట్టలు ఉతికే బండ ఎక్కి నిలబడాలి. నేను రోజంతా ఆ బండ మీదే, ఎండలో, ఫోన్ పైకెత్తి నిలబడేదాన్ని. ఎదురింటి ఆటో యూసుఫ్ భాయ్ రెండు రోజులు చూసి, "అక్కా, మీ పిల్ల చంద్రున్ని చూస్తున్నదా, పండుగకు ఇంకా టైముంది గదా" అని పెద్దమ్మను అడిగాడట. ఆమె ఆ మాట చెప్పి చెప్పి నవ్వేది. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఆ ఇంట్లోకి అడుగుపెట్టగానే తంబాకు వాసన వచ్చేది. మొదట తలనొప్పి వచ్చింది, తర్వాత అలవాటైంది, ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే కాళ్లు ఆగిపోతాయి. సాయంత్రం ఆకు కట్టలు నీళ్లలో తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టడం, పొద్దున రేకు పెట్టి కత్తెరతో ఒకే కొలతగా కత్తిరించడం, చాట ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చోవడం, ఇదీ ఆమె దినచర్య. టీవీ చూస్తూ, కూరగాయలమ్మితో బేరమాడుతూ, నన్ను తిడుతూ బీడీలు చుట్టేది. చేతుల వంక మాత్రం చూసేది కాదు. నేను వెళ్లిన వారానికి బీడీ కార్ఖానా కూడా మూతపడింది. తంబాకు రాలేదు. ఆకు మాత్రం ఇంట్లో బోలెడు మిగిలింది. పెద్దమ్మ పొద్దున్నే అలవాటుగా చాట ముందేసుకుని కూర్చుని, ఏం చేయాలో తోచక చేతులు ఒళ్లో పెట్టుకుని వాకిలి వైపు చూసేది. ఖాళీగా ఉన్న ఆమె చేతులను నేను అప్పుడే మొదటిసారి చూశాను. పిల్లలు నిద్రలో చేతులు ఆడించినట్టు ఆమె వేళ్లు వాటంతటవే కదులుతుండేవి.

నేను పోలీసుల కంట పడకుండా తెల్లవారుజామున వరద కాలువ కట్ట మీద ఉరికేదాన్ని. దూరం ఉరికేవాళ్ల ఒంట్లో కొంతసేపటికి చక్కెర నిల్వ అయిపోతుంది. అప్పుడు కాళ్లు మనవి కావు. మధ్యలోనే ఏదో ఒకటి, చేతిలో పట్టేంత, నీళ్లతో జారిపోయేంత మెత్తగా ఉన్నది తినాలి. జెల్ అంటే అదే. ఒకరోజు నేను కట్ట మీదే కళ్లు తిరిగి కూర్చుండిపోయి, గొర్లు కాసే ఒకాయన నీళ్లు తాగిస్తే ఇంటికి వచ్చాను. వచ్చీరాగానే ప్యాకెట్ల కంపెనీని, లాక్‌డౌన్‌ను, మా అమ్మను, అందరినీ కలిపి తిట్టాను. పెద్దమ్మ అంతా విని, జెల్ అంటే ఏంటని అడిగింది. ఉరుక్కుంటూ తినే తిండి అని చెప్పాను.

"కూసోని తినే పుర్సతు లేనంత పనేమున్నదే నీకు?" అంది.

నేను ఫోన్‌లో వీడియోలు చూపించాను. ఎవరో తెల్ల వంటింట్లో ఖర్జూరాలు, తేనె మిక్సీలో తిప్పుతున్నారు. పెద్దమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుని, కళ్లు చిట్లించి చూసి, అది మలీదనే కదా అంది. బతుకమ్మ పండుగనాడు చేసే మలీద. వేడివేడి రొట్టెను చేత్తో నలిపి, బెల్లం వేసి దంచి, నెయ్యి పోసి ముద్ద చేసేది. పొద్దంతా ఆడి వచ్చిన ఆడవాళ్లు అది తింటేనే కదా మళ్లీ లేచి నిలబడేది అని వాదించింది. ఆ మధ్యాహ్నమే పొయ్యి వెలిగించింది. నేను కొలతలు చూసి చెబుతాను ఆగమంటే ఆగలేదు. రొట్టె కాలిన వాసన, దాని మీద బెల్లం కరిగిన వాసన, రోట్లో నువ్వులు నలిగిన వాసన ఇల్లంతా నిండి, చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో తంబాకు వెనక్కి తగ్గింది.

ఉప్పు దగ్గర గొడవైంది. చెమటలో ఉప్పు పోతుంది కాబట్టి ఉప్పు వేయమన్నాను. మలీదలో ఉప్పేంటని ఆమె. అది దేవుడికి చూపించే పదార్థం, చేసేటప్పుడు నాలుక మీద కూడా పెట్టుకోదు. నేను గట్టిగా అరిచాను, నేనే వేసేస్తానని డబ్బా అందుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. చిటికెడు మలీద తీసి పొయ్యి పక్కన పెట్టి దండం పెట్టుకుంది. "ఇగ నీ దేవునిది నువ్వు చూసుకో" అని డబ్బా నా వైపు జరిపింది.

ముద్దలు బాగానే వచ్చాయి. కానీ జేబులో వేసుకుని ఉరికితే ఎండకు బెల్లం కరిగి, నెయ్యి కారి, ప్లాస్టిక్ కవరు విప్పేసరికి సగం చేతికి, సగం గడ్డానికి అంటుకునేది. ఆమె ఆ కవరును వేళ్లతో పట్టుకుని చూసింది. మర్నాడు నేను లేచేసరికి చాట ముందేసుకుని కూర్చుంది, పక్కన మలీద గిన్నె. తునికాకులో మలీదను పెట్టి, బీడీ చుట్టినట్టు చుట్టి, చివరలు మడిచి, దారం కడుతోంది. బొటనవేలంత లావు బీడీలు. నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు, ఆమె చేతులకు పని దొరికింది. నేను ఆ వీడియో తీసింది అప్పుడే.

ఆ రోజు కట్ట మీద ఒకటి కొరికాను. రెండోది కొరికేలోపు తల గిర్రున తిరిగింది. కాలువలోకి వంగి పేగులు బయటికి వచ్చేంతగా కక్కుకున్నాను. ఆకులు తంబాకు సంచి పక్కనే నెలల తరబడి ఉన్నాయి, చాట తంబాకుదే, కత్తెర తంబాకుదే. ఏళ్లుగా ఆ ఘాటులో బతికిన మనిషికి అది వాసనే కాదు. నా ముఖం చూసి ఆమె భయపడిపోయింది. చింతపండు పెట్టి చాట తోమింది, కత్తెర ఉడకబెట్టింది, పక్క గదిలోని కట్టను విప్పి ఆకులను మూడు నీళ్లలో కడిగి తాడు మీద బట్టల్లాగా ఆరేసింది. చేతులను గోళ్లు నొప్పెట్టేలా రుద్దుకుంది. తర్వాత ప్రతిసారీ, నాకు ఇచ్చేముందు ఒకటి విప్పి తాను తిని, కొంతసేపు కూర్చుని, ఏమీ కాలేదని చూసుకుని ఇచ్చేది. యూసుఫ్ భాయ్ వాకిట్లో ఆరేసిన ఆకులు చూసి విషయం కనుక్కున్నాడు. వాళ్లమ్మ కూడా దర్గాకు మలీద చేస్తుందనీ, అందులో ఖర్జూరం పడితే గట్టిగా పట్టుకుంటుందనీ చెప్పి, రంజాన్‌కు తెచ్చిన వాటిలోంచి ఒక పొట్లం ఇచ్చాడు. ఆ రోజుతో నేను ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టాను.

బస్సులు ఇంకా సరిగ్గా తిరగని రోజుల్లో, నా పందెం రద్దయితే రద్దయింది, నేనే ఉరుకుతానని కోరుట్ల నుంచి జగిత్యాలకు బయలుదేరాను. పెద్దమ్మ యూసుఫ్ భాయ్ ఆటోలో. ఒళ్లో స్టీల్ డబ్బా, డబ్బా నిండా మలీద బీడీలు, నిమ్మకాయ నీళ్ల బాటిల్. ఆటో కొంచెం ముందుకు వెళ్లి ఆగేది, ఆమె దిగి రోడ్డు పక్కన నిలబడేది. అసలే పాత కాటన్ చీర, మూతికి కొంగు, చెయ్యి చాచి బీడీ పట్టుకుని ఉంటే, మేడిపల్లిలో ఒక ముసలాయన నిజంగానే బీడీ అనుకుని తనకూ ఒకటి ఇమ్మన్నాడు. ఇచ్చింది. ఆయన అగ్గిపెట్టె తీశాడు. అప్పుడు నేను నవ్విన నవ్వుకు నా పరుగు లయ మొత్తం తప్పింది. మేడిపల్లి దాటాక నాకు బలం అయిపోయింది. రోడ్డు మీద కూర్చుని, ఫోన్ పక్కన పడేసి, ఇక నావల్ల కాదని ఏడ్చాను. యూసుఫ్ భాయ్ ఆటో ఎక్కమన్నాడు. పెద్దమ్మ ఆయన్ను కసిరింది. నా పక్కన కూర్చుని, దారాన్ని పళ్లతో కొరికి, ఆకు విప్పి, ముక్క ముక్కగా నా నోట్లో పెట్టింది. తొందర పెట్టలేదు. ఒక్కొక్క ముక్క దిగేదాకా నా గొంతు వైపే చూసింది. చాలాసేపు అలాగే కూర్చున్నాం. తర్వాత నేను లేచాను. జగిత్యాల ఖిల్లా దగ్గర ఆటో పక్కన ఆమె నిలబడి ఉంది, నేను చేరగానే నా బూట్ల దుమ్ము చూసి, "మీ అమ్మకు ఫోన్ చెయ్యి" అంది.

కొన్నేళ్లకు, నేను ఉద్యోగంలో చేరాక, ఆమెకు గొంతులో ఏదో అడ్డం పడటం మొదలైంది, మొదట ఎవరికీ చెప్పలేదు. రొట్టె మానేసింది, అన్నం మానేసింది, పళ్లు కదులుతున్నాయని చెప్పింది. క్యాన్సర్ అని తెలిశాక రమేశన్న ఆమెను సిరిసిల్ల తీసుకెళ్లాడు. ఆయనవి రెండు మరమగ్గాలు, ఇంటి ముందు గదిలోనే. డాక్టర్ చెప్పిన మాట ఒకటే. బరువు ఇంకా తగ్గితే తర్వాతి ఇంజక్షన్ ఇవ్వలేం, ఒళ్లు తట్టుకోదు, ఎలాగైనా తిండి దింపండి. ముక్కులోంచి గొట్టం వేస్తే రెండుసార్లు పీకేసుకుంది. రమేశన్న ఫోన్ చేసి ఈ మాట చెప్పగానే నేను సెలవు పెట్టి, మిక్సీ, వడపోత జాలి, నా పరుగు తిండి పొడులు అన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కాను. నాకు భయం లేదు, నిజం చెబుతున్నాను. నమలకుండా దిగే తిండి చేయడం నాకు వచ్చు. ఈ ఒక్క పనికే పుట్టాననుకున్నాను.

జొన్నపిండి వేయించి జావ కాచాను. మలీదలో వేసేవన్నీ అందులో వేశాను, బెల్లం, నువ్వుల పాలు, నెయ్యి. రమేశన్న మగ్గం మీద నుంచి సన్నటి నూలు గుడ్డ కోసి ఇచ్చాడు, అందులో వడగట్టాను. ఫోన్‌లో గంటగంటకూ అలారం పెట్టాను. ప్రతి అలారానికీ చెంచా పట్టుకుని ఆమె ముందు కూర్చునేదాన్ని. ముందు గదిలో మగ్గాలు దడదడలాడుతుంటే మాటలు వినపడేవి కావు, ఆమె కళ్లతోనే మాట్లాడేది. మొదటి వారం కొంచెం బరువు పెరిగింది. ఆ కాటా మీది అంకెను ఫోటో తీసి అందరికీ పంపాను. యూసుఫ్ భాయ్ వాయిస్ మెసేజ్ పెట్టాడు, దర్గాకు మొక్కుకున్నానని. రమేశన్న పిల్లలు స్వీట్లు అడిగారు. పెద్దమ్మ నన్ను పిలిచి, నవ్వు ఆపుకుంటూ, "నన్ను ఏ ఊరికి ఉరికిస్తున్నవు బిడ్డా?" అని అడిగింది.

తర్వాత జావ కూడా వెనక్కి రావడం మొదలైంది. ఇంకా పల్చగా చేశాను. ఇంకా వడగట్టాను. దిగింది నీళ్లే, బలం కాదు. కాటా మీద అంకె పడిపోయింది, ఇంజక్షన్ వాయిదా పడింది. నేను రమేశన్న మీద అరిచాను, మగ్గాలు ఆపవెందుకని, ఆ దుమ్ములో ఆమె ఎలా మింగుతుందని. ఆపితే మందులెట్ల తేవాలని ఆయన నెమ్మదిగా అన్నాడు. చివరికి ఆమె మీదే అరిచాను. మింగు పెద్దమ్మా, ప్రయత్నమే చేయట్లేదు నువ్వు, ఒక్క గుక్క, ఇంకొక్క గుక్క. చెంచా ఆమె పెదాలకు ఆనించి పట్టుకున్నాను. ఆమె తన చేత్తో ఆ చెంచాను మెల్లగా పక్కకు జరిపింది.

"ఉరుకుడు నీది బిడ్డా," అంది. "నన్ను కూసోనియ్యి."

నేను అలారాలన్నీ తీసేశాను.

ఇప్పుడు నేను ఉరుకుతాను, ఉద్యోగం చేసుకుంటాను, ప్యాకెట్లు కొనుక్కుంటాను. తెల్లవారకముందే ఫోన్‌లో ఆర్డర్ పెడితే గుమ్మం ముందుకు వస్తాయి. ఏ జేబులోనూ కారవు. ఎంత బలం ఉందో ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. చింపి, పిండుకుని, చెత్తబుట్టలో పడేసి ముందుకు పోతాను. నా నోట్లోకి ముక్క వెళ్లి గొంతు దిగేదాకా చూస్తూ కూర్చునే మనిషి ఎవరూ ఉండరు. అప్పుడు మాకు సిగ్నల్ లేదు, పందెం లేదు, బస్సు లేదు, ఆమెకు కూలి లేదు. అయినా మలీద మొదలయ్యాక నేను ఆకలితో ఉరికిన రోజు ఒక్కటీ లేదు. ఈ మధ్య బాగా తిని బయలుదేరిన రోజు కూడా సగం దారిలో ఒళ్లు ఖాళీ అయిపోతుంది. డాక్టర్‌కు చూపించుకున్నాను. రక్తం, ఉప్పు, చక్కెర, అన్నీ సరిగ్గానే ఉన్నాయట.

ఆమె పోవడానికి నాలుగైదు రోజుల ముందు, ఉమ్మి కూడా దిగని స్థితిలో, నన్ను పిలిచి మలీద కావాలంది. నేను వినిపించనట్టు నటించాను. మళ్లీ అడిగింది. అప్పుడు నాకు ఎప్పుడో ఫోన్‌లో చదివింది గుర్తొచ్చింది. దూరం ఉరికేవాళ్లలో కొందరు తీపి నీళ్లు నోట్లో పుక్కిలించి ఉమ్మేస్తారు. కడుపులోకి ఏమీ పోదు. అయినా నాలుకకు తీపి తగలగానే తిండి వచ్చిందని ఒళ్లు అనుకుంటుందట, కాళ్లు కదులుతాయట. ఆ మాట చెప్పాను. నమిలి ఉమ్మేయి పెద్దమ్మా, బలం వస్తుంది అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి తలూపింది. వంటగది తలుపు తీసి ఉంచమంది, మంచం మీద నుంచే చూస్తూ, రొట్టె వేడి మీదనే నలపమని చేత్తో సైగ చేసింది. వేళ్లు కాలుతుండగా నలిపాను. బెల్లం, నెయ్యి. గిన్నెలో వేసి తెచ్చాను.

చిన్న ముద్ద ఆమె నోట్లో పెట్టాను. కళ్లు మూసుకుని నమిలింది. దవడ ఎముకలు చర్మం కింద మెల్లగా కదలడం కనిపించింది. చాలాసేపు నమిలి, నేను పట్టుకున్న గిన్నెలోనే ఒక పక్కకు ఉమ్మింది. ఇంకో ముద్దకు నోరు తెరిచింది. అలా ఉన్నదంతా అయ్యేదాకా. నెయ్యి పెదాలకు అంటింది, తుడవబోతే వద్దంది.

"కడుపు నిండింది బిడ్డా," అంది.

గిన్నె వైపు నేను చూశాను. ఆమె కూడా చూసింది. ఆ తర్వాత నా ముఖం వైపు చూసి, "నిండింది" అని ఇంకోసారి అంది, నేను తలూపేదాకా నా వైపే చూసింది. తలూపాను. లేచి, మగ్గాల మధ్య నుంచి గిన్నెను బయటి నల్లా దగ్గరికి తీసుకెళ్లాను. లోపలికి తెచ్చినప్పుడు ఎంత బరువుందో, బయటికి తెచ్చినప్పుడూ అంతే ఉంది.